లాకులో చూడిగేదె

మా మనవరాలు అమలాపురంలో ఇంగ్లీషు బడిలో చదువుతోంది. సెలవులకి నా దగ్గరికి వచ్చిందంటే వెనకాలే హోంవర్కు కూడా వస్తుంది. ఈసారి వాళ్ళ టీచరు చిత్రమైన పని ఒకటి అప్పగించింది. అందరికీ తెలిసిన ఇంగ్లీషు మాట ఒకటి పట్టుకుని, అది ఎక్కడ పుట్టిందో, దానికి ఎన్ని అర్థాలున్నాయో రాసుకురమ్మంది. ఈ పిల్ల ‘లాక్’ అన్న మాట ఎంచుకుంది. అదే ఎందుకమ్మా అంటే, “పొద్దున్న లేవగానే ఫోన్‌లో తీసేది అదే కదా అమ్మమ్మా” అంది.

మంచం మీద బోర్లా పడుకుని ఫోన్లో చూస్తూ చదవడం మొదలుపెట్టింది. తాళం అంది. తాళం వేయడం అంది. కుస్తీలో పట్టు, తుపాకీలో ఒక భాగం, జుట్టు పాయ అంది. ఆఖరికి మొహం చిట్లించి, “కాలవల్లో పడవల్ని పైకి ఎక్కించి కిందికి దించే కట్టడం. ఇదేంటో అర్థం కాలేదు. వదిలేస్తున్నా” అంది.

“వదిలేస్తావా!” అన్నాను.

పచ్చిమిరపకాయలకి తొడిమలు తీస్తున్నదాన్ని చాట పక్కన పెట్టేశాను. నాకు కోపం తొందరగా వస్తుంది. మా మామ్మ పోలిక. ఈ పిల్ల అనవసరమని పారేస్తున్న అర్థం ఒక్కటే నాకు చిన్నప్పుడు తెలుసు. మిగతావన్నీ నేను తరవాత నేర్చుకున్నవి.

మేముండే వీధి కాలవ గట్టు మీద ఉండేది. కొత్తపేట వైపు నుంచి వచ్చే కాలవ మా వీధి చివర ఒక్కసారిగా పల్లంలోకి దిగుతుంది. అక్కడుండేది లాకు. రెండు పక్కలా రాతి గోడలు, పైన ఒక జత తలుపులు, కింద ఒక జత తలుపులు, మధ్యలో పడవ పట్టేంత గది. కింది నుంచి కొబ్బరికాయల పడవ వచ్చి ఆ గదిలో దూరేది. వెనకాల తలుపులు మూసేవారు. పై తలుపుల్లో ఉన్న తూము ఎత్తితే నీళ్ళు గదిలోకి దూకేవి. పడవ, దాని మీద వంట చేసుకుంటున్న మనిషి, పొయ్యి, పొయ్యి మీద చేపల కూర, అన్నీ కలిసి మెల్లిగా మా కళ్ళముందే పైకి లేచేవి. ఆ కూర వాసన ముందు మా కాళ్ళ దగ్గరుండేది, కాసేపటికి మా ముక్కుల దగ్గరికి వచ్చేది.

తలుపులకి పొడుగాటి దూలాలుండేవి. వాటిని నెట్టి తలుపులు తెరిచేది లస్కరు తాత. కాలవ పని చేసేవాళ్ళని లస్కర్లనేవారు. ఆయన దూలం నెడుతుంటే పిల్లలం దాని మీద ఎక్కి కూర్చునేవాళ్ళం. “దిగండమ్మా, మీ బరువు కూడా నేను నెట్టాలేటండీ” అని పిల్లల్ని కూడా అండీ అని తిట్టేవాడు పాపం.

లాకన్న మాట గొడవంతా మాకు మా బాబాయి వల్ల తెలిసింది. అమలాపురం కాలేజీలో చదివేవాడు. అట్టలు ఊడిపోయిన ఇంగ్లీషు నిఘంటువు ఒకటి ఆయన దగ్గరుండేది. సాయంత్రం అరుగు మీద అది తెరిచాడంటే ఆ రోజుకి మాకు వేరే కాలక్షేపం అక్కర్లేదు. ఒకరోజు లాకు అనే మాట తీశాడు. అది ఇంగ్లీషువాళ్ళ ముత్తాతల నాటి మాటట. మొదట్లో తాళమనే కాదు, అడ్డకర్ర అని, కంచె అని, పశువుల్ని తోలే దొడ్డి అని కూడా అర్థాలుండేవట. చుట్టూ కట్టి లోపల ఉంచేది ఏదైనా లాకేనట. పారే నీళ్ళకి అటూ ఇటూ తలుపులు పెట్టినప్పుడు వాళ్ళు కొత్త మాట వెతుక్కోలేదు, ఉన్నదాన్నే వాడేసుకున్నారు. జుట్టు పాయ మాత్రం వేరే వంశం. పేరు కలిసింది గాని చుట్టరికం లేదన్నాడు బాబాయి.

“మరి మనూరికెలా వచ్చిందండి?” అని లస్కరు తాత అడిగాడు.

“కాలవతో పాటే వచ్చింది తాతా.”

“ఆయ్. అలాగైతే మనదేనండి” అన్నాడు తాత తృప్తిగా.

నీళ్ళకి దొడ్డేమిట్రా, ఎగిరి పారిపోతాయా అని మామ్మ నవ్వింది. మాకు మాత్రం అనుమానాలు తీరలేదు. ఎవరినో పోలీసులు లాకప్‌లో పెట్టారని పెద్దవాళ్ళు చెప్పుకుంటే, ఆ మనిషిని రెండు తలుపుల మధ్య నిలబెట్టి తూము ఎత్తుతారని మేం చాలాకాలం నమ్మాం. దొంగతనం చెయ్యకూడదని మాకు బాగా నాటుకున్నది అందువల్లే.

ఏటా వేసవిలో కాలవ కట్టేసేవారు. పైన ఆనకట్ట దగ్గర నీళ్ళు ఆపేసేవారన్నమాట. పడవలు ఆగిపోయేవి. లాకు కింది వైపు కాలవ ఎండి, బురద పెచ్చులు లేచి, వాటి మీద మేం ఆడుకునేవాళ్ళం. పై వైపు మాత్రం మూసిన తలుపుల వెనకాల కొంత నీరు నిలిచేది. మళ్ళీ కాలవ వదిలేదాకా మా వీధి తాగేదీ వండుకునేదీ ఆ నీళ్ళే. బిందెల్లో ఇందుపగింజ అరగదీసి, మురికి అడుక్కి దిగేలా నీళ్ళు తేర్చుకునేవాళ్ళం. ఆ రోజుల్లో ఆడవాళ్ళు ఆ నీళ్ళని కన్నబిడ్డల్లా చూసుకునేవారు. ఎవరైనా అందులో కాళ్ళు కడుక్కున్నారంటే ఆ మనిషి పని అయిపోయినట్టే.

లాకు మరమ్మతులు కూడా అప్పుడే. డ్రమ్ములో తారు కాచి తలుపులకి పూసేవారు. ఆ వాసన నాకు ఇప్పటికీ ఇష్టం. మేం చల్లారిన తారు దొంగిలించి ఉండలు చేసి ఒకళ్ళ జడకి ఒకళ్ళు అంటించేవాళ్ళం. సాయంత్రం అమ్మలు కొబ్బరినూనె పెట్టి పీకుతుంటే వీధంతా ఏడుపులు.

ఒక ఏడు వేసవిలో కింది తలుపుల చెక్కలు పుచ్చిపోయాయని, వాటిని కదలకుండా బయటి నుంచి దూలాలు ఆనించి బిగించేశారు. చెక్కల మధ్య సందులు పడ్డాయి. ఆ సందులకి దిగువన, గదిలో మనిషి నడుం లోతు మురికినీళ్ళు మిగిలాయి. వాటి మీద గుర్రపుడెక్క దట్టంగా అల్లుకుని పచ్చటి చేనులా కనిపించేది.

ఇక మా మామ్మ సంగతి. తాతయ్య పోయాక ఇల్లు గడిచింది ఆవిడ గేదె మీద. ఆ గేదె అంటే ఆవిడకి ప్రాణం. మనుషులతో మాత్రం పడేది కాదు. ముఖ్యంగా ఎదురింటావిడతో. ఆవిడ పెరట్లో కొబ్బరి పీచు నానబెట్టే గోతులుండేవి. వీధిలో సగంమంది ఆడవాళ్ళు అక్కడే కూర్చుని తాళ్ళు పేనేవారు. అందుకని పిల్లలం ఆవిడని పీచు మామ్మ అనేవాళ్ళం. అట్లతద్దినాడు ఉయ్యాల దగ్గర పీచు మామ్మ నలుగురిలో, “ఆ పాలు గేదె ఇచ్చేది కొంత, కాలవ ఇచ్చేది కొంత” అంది. నీ పీచు కంపుకి ఊరు ఖాళీ అయిపోతోందని మా మామ్మ అంది. రెండూ నిజమే. నిజం కాబట్టే ఇద్దరికీ గట్టిగా తగిలింది. ఆ రోజు నుంచి మాటల్లేవు. పీచు మామ్మతో పాటు వీధిలో ఆడవాళ్ళందరూ మా మామ్మతో మాట్లాడడం మానేశారు. పాలు పోయించుకునేవారు, గిన్నె చాపి మొహం అటు తిప్పుకునేవారు.

గేదె నెలలు నిండిన చూడితో ఉంది. ఎండలు మండిపోతున్నాయి. మిట్టమధ్యాహ్నం మేం లస్కరు తాత పాక నీడన కూర్చుని ముంజెలు తింటున్నాం. బొటనవేలు గుచ్చి జుర్రుతుంటే నీళ్ళు మోచేతుల దాకా కారుతున్నాయి. గేదె పలుపు తెంపుకుని గట్టు మీద మెల్లిగా నడిచి రావడం చూశాం. కాలవ ఎండిపోయాక పాపం దానికి మునగడానికి చోటు లేదు. లాకు గోడ అంచున ఆగింది, వాసన చూసింది, పచ్చగా ఉంది కదా అని గుర్రపుడెక్క మీద కాలు వేసింది. దభీమన్న చప్పుడు, తరవాత అరుపు.

నీళ్ళూ డెక్కా ఉండబట్టి దెబ్బ తగల్లేదు. కానీ చుట్టూ నిలువు గోడలు. కింద బురదలో కాళ్ళు దిగబడుతున్నాయి. మామ్మ జుట్టు విరబోసుకుని పరిగెత్తుకొచ్చింది. మగవాళ్ళు పొట్ట కింద మోకు వేసి లాగబోయారు. గేదె పెట్టిన కేకకి మామ్మ మోకు పట్టుకున్నవాడి చెయ్యి కొరికినంత పని చేసింది.

“దూడ నలిగిపోద్దిరా! వదలండి! వదిలెయ్యండి!”

నీళ్ళు వదిలితే గేదె తేలుతుందని అక్కడ తెలియనివాళ్ళు లేరు. పుట్టిన దగ్గర్నుంచీ పడవలు అలా తేలడం చూస్తున్నవాళ్ళమే. గది నిండితే పై తలుపులు తెరవచ్చు. గేదె ఈదుకుంటూ అవతలి రేవుకి వెళ్ళిపోతుంది. చిక్కల్లా ఆ నీళ్ళు వీధి నీళ్ళు కావడమే. పుచ్చిన కింది తలుపు ఆగకపోతే, గేదెతో పాటు వీధి మొత్తం తాగే నీళ్ళు ఎండు కాలవలోకి పోతాయి.

లస్కరు తాత తూము చక్రం మీద చెయ్యి వేసి మళ్ళీ తీసేశాడు. “సూపర్‌వైజరుగారికి నేను చెప్పుకుంటానండి. ఏవన్నా అంటే పడతాను. ఆడవాళ్ళకి మాత్రం నేను చెప్పుకోలేనమ్మా. మీరు వెళ్ళి అడిగి రండి. ఆళ్ళు సరే అంటే ఎత్తేస్తాను.”

మామ్మ గేదె వంక చూసింది. అది ముట్టె పైకెత్తి రొప్పుతోంది. కాళ్ళు మడిచిందంటే మునిగిపోతుంది. మామ్మ నా చెయ్యి పట్టుకుని వీధిలోకి బయల్దేరింది. ఎవరినీ ఏదీ అడగని మనిషి ఆవిడ. ఒక చేత్తో పైట చెంగు దోపుకుంటోంది, లాగుతోంది, మళ్ళీ దోపుకుంటోంది. పీచు మామ్మ ఇంటి ముందుకి వచ్చి ఆగిపోయింది. ఆవిడ కాదంటే ఏం చేస్తుందా అని నాకు భయం వేసి ఏడుపొచ్చింది.

అప్పుడే పెరటి దారిలోంచి పీచు మామ్మ వచ్చింది. నెత్తి మీద తడి పీచు మోపు. వెనకాల తాళ్ళు పేనే ఆడవాళ్ళందరూ, ఒక్కొక్కళ్ళ నెత్తి మీద ఒక్కొక్క మోపు. కబురు మా కంటే ముందే చేరిపోయింది.

“వదినా...” అంది మామ్మ.

“నువ్వు అడిగేదాకా కూర్చుంటే అది కాస్తా మునిగిపోద్ది. పద పద. అడగడం తరవాత అడుగుదువు గాని.”

“నీళ్ళు పోతేనో?” అని వెనకాల ఎవరో చిన్నగా అన్నారు.

“పోతే గోదారి నించి కావిళ్ళతో తెచ్చుకుందారి. మనం మొయ్యనివా ఏటి?” అని పీచు మామ్మ వెనక్కి తిరక్కుండానే చెప్పింది.

మామ్మ చెంగుతో మొహం తుడుచుకుంది. నేనడక్కుండానే చెమట అంది నాతో.

ఆ తరవాత ఆ ఆడవాళ్ళు చేసిన పని నేను మర్చిపోలేను. గోడ మీద వరసగా కూర్చుని పీచుని మనిషి ముంజేయంత లావు తాళ్ళుగా పేనేశారు. వాటికి బంకమన్ను పట్టించి కిందికి అందించారు. బాబాయి, మరికొందరు మగవాళ్ళు గదిలోకి దిగి, కింది తలుపుల సందుల్లో ఆ తాళ్ళని చెక్కసుత్తులతో దట్టించారు. బాబాయి ఒక దెబ్బ సుత్తితో వేసేవాడు, మధ్యలో వెళ్ళి గేదె మెడ నిమిరి వచ్చేవాడు. కుళ్ళిన డెక్క వాసన, పీచు కంపు, తారు వాసన కలిసిపోయి కళ్ళు మండాయి. ఎవరూ ముక్కు మూసుకోలేదు.

పిల్లలకి కూడా పని పడింది. ఎండిన కాలవలోకి దిగి, కింది తలుపుల బయటి వైపు నిలబడి, ఎక్కడైనా కారుతోందేమో చూసి చెప్పాలి. మాకు తోడు పీచు మామ్మ కూడా చీర ఎగ్గట్టి దిగింది. పైన తాత తూము ఎత్తాడు. తలుపు అవతల నీళ్ళు దూకిన హోరు వినిపించింది. గేదె గట్టిగా అరిచింది. అది బెదిరిపోయిందని అర్థమైంది గాని, ఇటు నుంచి మాకు తలుపు తప్ప ఏమీ కనిపించదు. మామ్మ గొంతు మాత్రం వినిపిస్తోంది. పాలు పితికేటప్పుడు గేదెతో మాట్లాడే గొంతు. “హో తల్లీ, హో నా బంగారం, ఇదిగో నేనిక్కడే ఉన్నాను” అంటూనే ఉంది.

“కారుతోందా?” అని పై నుంచి కేక.

నేను తలుపుకి చెయ్యి ఆనించాను. చల్లగా ఉంది. చెక్క కొద్దికొద్దిగా చెమరుస్తోంది.

“చెమ్మేనండీ!” అని అరిచాను.

కాసేపటికి ఒక సందులోంచి సన్నటి ధార మొదలైంది. పీచు మామ్మ గబుక్కున వంగి దోసెడు బంకమన్ను తీసి దాని మీద అరచేత్తో అదిమి పట్టింది. మమ్మల్ని ఇంకా మట్టి తెమ్మని కసిరింది. మేం ఒళ్ళో పోసుకుని తెచ్చాం. ఆవిడ అలాగే అదిమి పట్టుకుని, దేవుళ్ళ పేర్లు కొన్ని, తిట్లు కొన్ని కలిపి చదివింది. ధార సన్నబడింది. చివరికి ఒక్కొక్క బొట్టుగా రాలి ఆగిపోయింది.

ఒక్కసారిగా పైన ఈలలు, కేకలు. మమ్మల్ని పట్టుకునేవాళ్ళు లేక గట్టెక్కి పరిగెత్తాం. గది నిండా నీళ్ళు. డెక్క మధ్యలో గేదె నల్లటి తల, పక్కనే బాబాయి తల. తాత పై తలుపుల దూలాలు నెడుతున్నాడు. ఈసారి పిల్లలం వాటి మీద ఎక్కలేదు, మేం కూడా నెట్టాం. తలుపులు విడగానే గేదె ఎవరూ చెప్పకుండానే అవతలికి ఈదింది. రేవు మెట్ల దగ్గర కాళ్ళు తగిలాయి. నీళ్ళు కారుతూ, డెక్క తీగెలు మెడకి వేలాడుతుండగా, పెళ్ళికూతురిలా నెమ్మదిగా ఎక్కి వచ్చింది. మామ్మ దాని మెడ కావలించుకుని అందరి ముందూ పెద్దగా ఏడ్చేసింది. ఆవిడ ఏడవడం నేను చూసింది అప్పుడే.

నీళ్ళు ఎక్కడికీ పోలేదు. రేవులో మట్టం కాస్త దిగింది, అంతే. ఆ కాస్త లాకు గదిలో ఉంది. కాలవ వదిలేదాకా కింది తలుపు అలాగే నిలబడింది. సూపర్‌వైజరు వచ్చి చూసి, తాతని ఏదో అనబోయి, గోడ మీద కూర్చున్న ఆడవాళ్ళని చూసి సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఆ పూట బిందెల్లోకి ఇందుపగింజ రెట్టింపు అరగదీశారు.

ఇప్పుడు ఆ లాకులో పడవలు లేవు. కొబ్బరికాయలు లారీల్లో వెళ్ళిపోతున్నాయి. తలుపుల స్థానంలో ఇనప షట్టర్లు వచ్చాయి. లస్కరు అన్న మాట కూడా పిల్లలకి తెలియదు. ఆ మధ్య కరోనా రోజుల్లో టీవీలో లాక్‌డౌన్ అంటుంటే అందరికీ దిగులు పుట్టింది. నాకూ పుట్టింది. కానీ ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా మూసిన తలుపుల కంటే ముందు, వాటి మధ్యన మెల్లిగా పైకి లేస్తున్న నీళ్ళే కనిపించేవి. అదేదో మంచే జరుగుతుందిలే అనిపించేది. చదువుకున్నవాళ్ళు ఈ లెక్కని ఒప్పుకోరేమో, నాకు తెలియదు.

మా మనవరాలు ఎప్పుడు లేచి కూర్చుందో గమనించలేదు. ఫోను పక్కన పెట్టేసింది.

“తరవాత ఈనిందా అమ్మమ్మా?”

ఈనింది. కొద్దిరోజులకే ఒక పొద్దున్న, ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. నేను మామ్మ పక్క తడిమి చూస్తే ఖాళీ. పశువుల పాక దగ్గర లాంతరు కనిపిస్తే వెళ్ళాను. మామ్మ చేతులు మోచేతుల దాకా తడిసి ఉన్నాయి. వరిగడ్డి మీద దూడ వణుకుతూ తల ఎత్తుతోంది. గేదె దాన్ని నాకుతోంది. అన్ని కాళ్ళూ ఉన్నాయి, అన్నీ బాగానే కదులుతున్నాయి. మామ్మ ఒకటికి రెండుసార్లు తడిమి చూసుకుంది. తరవాత లోపల నిద్రపోతున్న మా నాన్ననీ బాబాయినీ లేపకుండా, ఆ చేతులతోనే వీధిలోకి పరిగెత్తింది.

“వదినా! వదినా! ఈనిందే! పెయ్యదూడే!”

అంత పొద్దున్న అంత గొంతుతో మా వీధిలో ఎవరూ అరిచి ఉండరు. ఒక్కొక్క ఇంట్లోంచి గడియ తీస్తున్న చప్పుడు వినిపించింది. అన్నిటికంటే ముందు తెరుచుకున్నది ఎదురింటి తలుపు.